తెము చేను

ఆ ఫొటోలో ఉన్నది మా తాతంటే మా తాతని మూడు ఇళ్ళవాళ్ళు వారం రోజులుగా నా టిఫిన్ కొట్టులో గొడవపడుతున్నారు. ఒక్క తాతని మూడు ఇళ్ళకు పంచడం కుదరదు కాబట్టి ఎవరూ తగ్గడం లేదు.

"ఆ చెవులు చూడవే యబుంగ్," అన్నాడు బటు మామ, గుడ్డు అట్టు నమలడం ఆపి. "మా ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ అవే చెవులు."

"నీ చెవులు వినడానికే పనికిరావు, సాక్ష్యానికేం పనికొస్తాయి?" అన్నాను.

బటు మామ మా అమ్మ తమ్ముడు. డెబ్భై దాటినా ఇంకా వేటకు వెళ్తాడు. ఈ చుట్టుపక్కల కొండదారులన్నీ ఆయన కాళ్ళకు తెలుసు. నోరు కూడా కాళ్ళంత చురుకైనదే, అందుకే మా ఇద్దరికీ రోజూ పడదు, రోజూ పొద్దున్నే నా కొట్టుకే వస్తాడు.

ఆ ఫొటోలు మాకు నగరంలోని మ్యూజియం పంపింది. జపాను వాళ్ళు మమ్మల్ని ఏలిన రోజుల్లో, వాళ్ళ ఉద్యోగులు మా కొండల్లో తిరిగి తీసిన ఫొటోలకు నకళ్ళు, మొత్తం ఇరవై ఒకటి. మేం చేయవలసిందల్లా ఒక్కో ఫొటో ఎక్కడ తీశారో వెతికి, సరిగ్గా అక్కడే నిలబడి ఇప్పటి ఫొటో తీయడం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన. దీని కోసం ఊళ్ళో ఏడుగురం కలిసి ఒక ఫొటో బృందం పెట్టుకున్నాం. పెద్దరికం నాకిచ్చారు. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసినదాన్ని, తాగినవాళ్ళని కూడా వరసలో నిలబెట్టగల గొంతు ఊళ్ళో నా ఒక్కదానిదే.

గొడవంతా పదిహేడో ఫొటో మీద. 1933లో తీసింది. ఒక కొండవాలు, దాని నిండా నడుమెత్తు చెట్లు, కింద ఏటి మలుపు, దూరంగా మూడు శిఖరాలు. ముందు ఒక మనిషి, నడుముకి కత్తి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అడుగున తెల్ల సిరాతో జపాను రాత ఒక వరస. దానికి మ్యూజియం వాళ్ళు చేసిన అనువాదం ఇది: "ఆటవికులు పాడుచేసి వదిలేసిన బంజరు కొండ. మనిషి కొలత కోసం." అంటే, చెట్లు ఎంత ఎత్తో తెలియడానికి ఆయన్ని నిలబెట్టారన్నమాట.

నా తప్పు ముందే ఒప్పుకుంటాను. "ఆటవికులు" అన్న మాట చూసి నాకు ఒళ్ళు మండింది. "బంజరు" అన్నది చూసి మండలేదు. ఎందుకంటే ఆ కొండని మేమూ ఖాళీ కొండ అనే అంటాం. పుట్టినప్పటినుంచీ విన్న పేరు, ఎవరు పెట్టారో ఏనాడూ అడగలేదు. ఊరంతా కలిసి ఆ మనిషి చెవులూ ముక్కూ చూశాం తప్ప, ఆయన వెనక ఏముందో ఒక్కరం చూడలేదు.

చూసింది యాకీ ఇవల్. యాకీ అంటే మాలో అవ్వ. ఆమెకి తొంభై నాలుగు. రోజూ తొమ్మిదింటికి కర్ర పొడుచుకుంటూ వచ్చి, గోరువెచ్చని సోయా పాలు తాగి, నా వంటకు ఒక వంక పెట్టి వెళ్ళడం ఆమె అలవాటు. ఆ రోజు ఆమె కూర్చోకముందే బటు మామ ఫొటో తీసుకెళ్ళి ముందు పెట్టాడు.

"యాకీ, నువ్వు చెప్పు. ఈయన మా తాతేగా?"

యాకీ ఆ మనిషి మీద బొటనవేలు పెట్టి మూసేసింది. చాలాసేపు చూసింది. సోయా పాలు చల్లారిపోయాయి.

"ఇది మా నాన్న చేను," అంది.

కొట్టులో అందరూ ఫొటో మీదికి వంగారు.

"చేనెక్కడుంది యాకీ? అన్నీ చెట్లేగా," అన్నాన్నేను.

"ఏం చెట్లవి? కళ్ళున్నాయా నీకు? అన్నీ ఇబో చెట్లు. అన్నీ ఒక్క ఎత్తు. అడవి ఎక్కడైనా దర్జీ కత్తిరించినట్టు ఒక్క ఎత్తున పెరుగుతుందటే?" ఆమె వేలు ఫొటో మీద నడిచింది. "ఇక్కడ నాలుగేళ్ళు కొర్రలు వేశాడు మా నాన్న. మధ్యలో చిలగడదుంప. నేల అలసిపోయింది. అప్పుడు ఇబో మొక్కలు తెచ్చి నాటాడు. నేను పుట్టిన రెండేళ్ళకి నాటాడంట. ఈ చెట్లు నాకంటే రెండేళ్ళు చిన్నవి."

అక్కడున్న వాళ్ళందరికీ అప్పుడు గుర్తొచ్చింది. మా పాతవాళ్ళు పోడు కొట్టి నాలుగేళ్ళు పండించాక చేను వదిలేయరు, పడుకోబెడతారు. ఇబో చెట్టు వేళ్ళు నేలకు మళ్ళీ సత్తువ పోస్తాయి. పదేళ్ళకి మట్టి నల్లబడుతుంది. అప్పుడు చెట్లు కొట్టి మళ్ళీ విత్తుతారు. ఇదంతా మాకు తెలుసు. తెలిసినదాన్నే ఫొటోలో చూసి పోల్చుకోలేకపోయాం.

"కింద ఏం రాశాడు వాడు?" అని అడిగి, నేను చెప్పేలోపే నా కళ్ళద్దాలు లాక్కుని ఆమే చదివింది. ఊళ్ళో జపాను రాత చదవగలిగింది ఇక ఆమె ఒక్కతే. చదువుతుంటే ఆమె గొంతు మారిపోయింది. సన్నగా, బడిపిల్ల గొంతయింది.

"ఈ మాటే," అంది. "మమ్మల్ని కొండమీంచి దింపి కింద ఊళ్ళో పెట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బళ్ళో పాఠం చెప్పేది పోలీసాయనే. మా వాళ్ళు సోమరులు, అడవిని కాల్చి పాడుచేసి వదిలేస్తారు అని అందరి చేతా రోజూ అనిపించేవాడు. ఒకరోజు నేను లేచి, మా నాన్న చెట్లు నాటాడండీ అన్నాను. నీళ్ళ బాల్చీ పట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడమన్నాడు. నిలబడ్డాను. మర్నాడు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను, వాడి మాటే చెప్పాను. మా నాన్న సోమరి అని నా నోటితో నేనే అన్నాను."

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు ఆ రాతనే గోడకి తగిలిస్తారా మీరు? నేను బతికుండగా?"

"తగిలించనివ్వను యాకీ," అన్నాను. అనేశాను కానీ ఎలా ఆపాలో నాకు తెలీదు. ప్రదర్శన ఇంక ఇరవై రోజులుంది. ఫొటోల కింది రాతలు అచ్చుకు వెళ్ళడానికి ఎనిమిది రోజులే.

మ్యూజియం నుంచి మా పని చూసేది చువాంగ్ టీచరు. బళ్ళో పాఠాలు చెప్పదు గానీ చదువుకున్నవాళ్ళని మేం టీచరనే అంటాం. ఫోన్ చేసిన మర్నాడే కారేసుకుని వచ్చింది. యాకీ చెప్పిందంతా ఓపిగ్గా విని రాసుకుంది. ఆ తర్వాత పెన్ను మూత పెట్టింది. మూత పెట్టిన తీరు చూడగానే నాకు అర్థమైంది.

"అక్కా, నాకు నమ్మకమే. కానీ ఇబో చెట్టు కొండచరియ విరిగిన చోట దానంతట అదే మొలుస్తుంది. అప్పుడు కూడా అన్నీ ఒకే ఏడు మొలుస్తాయి కాబట్టి ఒకే ఎత్తుంటాయి. మా వాళ్ళు అదే అడుగుతారు. ఇంకో ఆధారం కావాలి."

"లేకపోతే?"

"లేకపోతే బంజరు అన్నది ఉంచి, కింద 'ఇది సాగుభూమి అని స్థానికులు అంటున్నారు' అని కలుపుతాను."

"అంటున్నారా?" నా గొంతు లేచింది. "ఆయన రాస్తే అది ఉన్నట్టు, మేం చెప్తే అంటున్నట్టా? ఆయన ఆ కొండ మీద ఎంతసేపు ఉన్నాడు టీచర్? ఒక పూట! ఈమె అక్కడ పుట్టింది!"

చువాంగ్ టీచరు మొహం ఎర్రబడింది. చెడ్డమనిషి కాదు. నాకు ఎదురు చెప్పలేదు. "అయితే అక్కడికే వెళ్దాం అక్కా," అంది. "ఎలాగూ కొత్త ఫొటో తీయాలి కదా. నేనూ వస్తాను."

శనివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం. యాకీ రాలేదు. నాలుగు గంటల ఎక్కుడు ఆమె మోకాళ్ళకు కుదరదు. ఒక సీసా కొర్ర కల్లు నా చేతిలో పెట్టింది. "మా నాన్న పేరు చెప్పి పిలువు. ఎవరు వచ్చారో, ఎందుకొచ్చారో చెప్పు. చెప్పకుండా దొంగల్లా పోకండి," అంది.

చువాంగ్ టీచరు కాళ్ళకి ఖరీదైన కొండబూట్లు. బటు మామ కాళ్ళకి ఎప్పటి రబ్బరు బూట్లే, వానలో చేపల బజారుకు వేసుకెళ్ళేవి. మొదటి వాగు దాటేటప్పుడు ఎవరు జారిపడ్డారో నేను చెప్పను, ఆవిడ ఇది చదువుతుంది. అడవి మొదట్లో బటు మామ చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. శకునం చెప్పే సిలిక్ పిట్ట ఏమంటుందో వినందే ఆయన అడుగు వెయ్యడు. కుడివైపు పొదలోంచి ఒకటి, ఎడమవైపు నుంచి ఇంకొకటి, రెండూ తొణక్కుండా మెత్తగా పలికాయి.

"మంచిదే. పదండి," అన్నాడు. "టీచర్, మీరు నమ్మకపోయినా పర్లేదు, అది మిమ్మల్ని కూడా కలుపుకునే చెప్పింది."

కొండ మీదికి చేరేసరికి పదకొండు దాటింది. చలికాలం కాబట్టి ఇబో చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉన్నాయి. కొమ్మల సందుల్లోంచి మూడు శిఖరాలూ కనిపిస్తున్నాయి. నేను సీసా మూత తీసి నేల మీద మూడుసార్లు ఒంపాను.

"యూతాస్ తెము," అని పిలిచాను. యూతాస్ అంటే తాత. "నీ కూతురు ఇవల్ పంపితే వచ్చాం. నేను యబుంగ్‌ని. వీడు బటు, నీకు తెలిసే ఉంటాడు, వాగుడుకాయ. ఈవిడ మ్యూజియం టీచరు. మంచిదే, కొంచెం అనుమానం ఎక్కువ. నీ చేను వెతుక్కోవడానికి వచ్చాం, కోప్పడకు."

చువాంగ్ టీచరు తల వంచి నమస్కారం పెట్టింది. ఆ వంచడంలో నటన లేదు. నా కోపం అక్కడ కొంచెం తగ్గింది.

ఇక నా పని మొదలైంది. పాత ఫొటోని పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద అచ్చు వేయించి, కెమెరా వెనక తెర మీద పరిచాను. పాత గీతలూ కొత్త కొండలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. శిఖరాలు దూరంగా ఉంటాయి కాబట్టి అవి సులువుగా కుదురుతాయి. కుదరనిది దగ్గరిది. వాలు మధ్యలో ఎద్దు మూపురంలాంటి పెద్ద బండ ఒకటి ఉంది. పాత ఫొటోలో ఆ బండ సరిగ్గా మధ్య శిఖరం కింద ఉంది, దాని నెత్తి మీదుగా ఏటి మలుపు కనిపిస్తోంది. నేను ఎడమకు జరిగాను, వెనక్కు జరిగాను, ముళ్ళలో దూరాను. గంట గడిచేసరికి బండ మధ్య శిఖరం కిందికి వచ్చింది. ఏటి మలుపు మాత్రం రాలేదు. బండ దాన్ని మింగేస్తోంది.

"ఇంకా ఎత్తు కావాలి," అన్నాను. "ఇంచుమించు మనిషెత్తు."

"నా భుజాల మీద ఎక్కు," అన్నాడు బటు మామ. "చిన్నప్పుడు ఎక్కలేదా?"

"చిన్నప్పుడు నేను పదిహేను కిలోలు మామా. ఇప్పుడు ఎక్కితే నిన్ను ఇక్కడే పాతిపెట్టి వెళ్ళాలి."

"ఆ ఫొటోగ్రాఫరు పొడుగేమో," అంది చువాంగ్ టీచరు.

"మాకంటే వాళ్ళే పొట్టి అని మా తాత చెప్పేవాడు," అన్నాడు బటు మామ. ఏ తాతో చెప్పలేదు.

నా వెనక రెండడుగుల దూరంలో మట్టిదిబ్బ ఒకటుంది. నిండా ఫెర్న్ ఆకులు, నాచు. ఇంకేం దారి లేక దాని మీదికి ఎక్కాను. కెమెరా ఎత్తి పట్టుకుని తెర చూశాను. బండ నెత్తి మీదుగా ఏటి మలుపు పైకి లేచింది. శిఖరాలు, బండ, ఏరు, అన్నీ పాత గీతల మీద సరిగ్గా కూర్చున్నాయి. తొంభై ఏళ్ళ నాటి ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో నేను అక్కడ నిలబడ్డాను.

"దొరికింది!" అని అరిచి గెంతాను. నా మడమ కింద గట్టిగా ఏదో తగిలింది.

కిందకు దిగి ఫెర్న్ ఆకులు పీకాను. నాచు చాప చుట్టినట్టు ఊడి వచ్చింది. దాని కింద రాయి. రాయి పక్కన రాయి. రాతి మీద రాయి. పలకల్లాంటి రాళ్ళు, ఒక్కొక్కటీ లోపలికి, కొండవైపుకి కొద్దిగా వాల్చి పేర్చినవి. సందుల్లో గుప్పెడు గుప్పెడు చిన్నరాళ్ళు కూరి ఉన్నాయి.

బటు మామ మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళను అరచేత్తో తడిమాడు. కత్తితో ఆకులు నరుక్కుంటూ వాలు వెంబడి వెళ్ళాడు. నలభై మూడు అడుగులు లెక్కపెట్టి అక్కణ్ణుంచి కేక వేశాడు. "ఇక్కడిదాకా ఉంది! మలుపు తిరిగి పైకి పోతోంది!"

తిరిగి వచ్చి చువాంగ్ టీచరు ముందు నిలబడ్డాడు. "టీచర్, కొండచరియ విరిగితే రాళ్ళు పడతాయి. ఇలా వరసలో పడుకోవు. ఇది చేను మట్టి జారకుండా కట్టిన అడ్డుగోడ. మా అత్తవారింట్లో ఇప్పటికీ ఇలాగే కడతారు."

ఆవిడ గోడ పక్కన కూర్చుని గోళ్ళతో మట్టి గీకింది. నా కెమెరా తెర చూసింది, గోడ చూసింది, మళ్ళీ తెర చూసింది.

"అక్కా, ఒక్కసారి కింద నేల మీద నిలబడి చూపించు," అంది. చూపించాను. ఏరు మాయమైంది. "ఇప్పుడు ఎక్కు." ఎక్కాను. ఏరు వచ్చింది.

"అయితే ఫొటో తీసిన రోజుకే ఈ గోడ ఉంది," అంది మెల్లగా. "లేకపోతే ఆయన కాళ్ళు గాల్లో ఉండాలి."

ఆ మాట నా లోపల ఎక్కడో తగిలింది. కోపం వచ్చింది, గర్వం వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో ఏడుపు వచ్చింది. తెము చేతులతో మోసి తెచ్చి పేర్చిన రాళ్ళ మీద కెమెరా పెట్టుకుని, ఆ ఎత్తు వాడుకుని, ఆయన నాటిన చెట్లు చూస్తూ, ఆయన పాడుచేసి వదిలేశాడని రాశాడు ఆ ఫొటోగ్రాఫరు. కాళ్ళ కింద చూసుకోలేదు. మేమూ చూసుకోలేదు, తొంభై ఏళ్ళు ఖాళీ కొండ అంటూ తిరిగాం. కానీ గోడ మాత్రం ఒక్క రాయి కూడా కదల్లేదు. ఎవరూ చూడకపోయినా తన పని తాను చేస్తూనే ఉంది. ఇంత గట్టిగా కట్టినవాళ్ళ మనవరాలిని అని నాకు ఆ రోజు తెలిసింది.

"గుర్తుపెట్టుకో యబుంగ్," అన్నాడు బటు మామ కళ్ళు తుడుచుకుంటూ. "ఇకనుంచి ఈ కొండని ఖాళీ అన్నవాడి నోట్లో ఈ మట్టే కొడతా."

"ముందు నీ నోట్లో కొట్టుకో, నిన్నటిదాకా అన్నది నువ్వే," అన్నాను. ముగ్గురం నవ్వాం, ఏడుస్తూనే.

గోడ ఫొటోలు యాకీకి చూపించినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. "గోడ కనపళ్ళేదా మీకు? మరి ముందే అడగొచ్చుగా," అంది. అడిగితే చెప్పేదట. మేం చెట్ల గురించి అడిగాం కాబట్టి చెట్ల గురించే చెప్పిందట. ఆ మాటకి చువాంగ్ టీచరు పగలబడి నవ్వింది. ఆ తర్వాత పెన్ను తీసి, మూత తీసి, "యాకీ, ఈ ఫొటో కింద ఏం రాయాలో మీరే చెప్పండి. పాతది తీసేస్తాను," అంది.

"తీసెయ్యొద్దు," అంది యాకీ. "వాడి రాత వాడిది, ఉండనీ. దాని పక్కన నాది పెట్టండి. వాడి అక్షరాలకంటే పెద్దగా."

ప్రదర్శన మొదలైన రోజు ఊరి నుంచి రెండు బస్సుల జనం వెళ్ళాం. యాకీ వాళ్ళమ్మ నేసిన ఎర్ర బట్ట కప్పుకుంది. పదిహేడో ఫొటో పక్కన నేను గోడ మీంచి తీసింది, దాని పక్కన గోడ ఫొటో. చూడటానికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. యాకీ కర్ర నా చేతికిచ్చి, చేతులు రెండూ పక్కలకు ఆనించి, బళ్ళో హాజరు పలికేటప్పటిలా నిటారుగా నిలబడింది. ముందు ఆ తెల్ల సిరా రాతని జపాను భాషలో చదివింది. ఒక్క అక్షరం తడబడలేదు. ఆ తర్వాత తన రాత చదివింది, మా భాషలో, తన అసలు గొంతుతో.

"ఇది తెము చేను. నాలుగేళ్ళు మాకు అన్నం పెట్టి అలసిపోయింది. అందుకని మా నాన్న చెట్లు నాటి పడుకోబెట్టాడు. లేపడానికి మమ్మల్ని ఉండనివ్వలేదు. ఈ ఫొటో తీసినాయన మా గోడ మీద నిలబడ్డాడు."

మా భాష రానివాళ్ళ కోసం చువాంగ్ టీచరు దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. వెనక బటు మామ, ఆ మిగతా రెండు ఇళ్ళవాళ్ళు పక్కపక్కనే నిలబడి చప్పట్లు కొడుతున్నారు. తాత సంగతి ఇంకా తేలలేదు. ఆ రోజు ఎవరికీ గుర్తులేదు.

యాకీ నా వైపు తిరిగింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పాత ఫొటో పక్కకి వెళ్ళి, సరిగ్గా ఆ మనిషి నిలబడినట్టే నిలబడింది. మొహం మాత్రం పక్కకు తిప్పుకోలేదు.

"తియ్యి," అంది. "కొలత కోసం ఒక మనిషి కావాలిగా."

నేను కెమెరా ఎత్తాను. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసినదాన్ని, కన్నీళ్ళకి తెర మీద ఏమీ కనపడలేదు.

"ఏడుపు తర్వాత ఏడువే," అంది యాకీ. "ఫొటో కదిలిపోతే మా నాన్న చేను పాడైపోతుంది."

ఊపిరి బిగబట్టి తీశాను. కదల్లేదు.